వరదతో పాటు ఎదిగే వరి

శ్రోతలకు నమస్కారం.

ఇవాళ ఒక వరి గురించి చెబుతాను. మన పొలాల్లో పండే వరి కాదు, ఆఫ్రికా వాళ్ల సొంత వరి. వరి అనగానే ఆసియా పంట అనుకుంటాం. కానీ పడమటి ఆఫ్రికా రైతులు దాదాపు 3000 ఏళ్ల కిందటే తమ దగ్గర పెరిగే అడవి వరిని సాగులోకి తెచ్చుకున్నారు.

మాలి దేశంలో, ఎడారి అంచున, నైజర్ నది పాయలు పాయలుగా చీలి మైదానమంతా పరుచుకుంటుంది. ఆ నీళ్లు ఎక్కడివంటే, దూరాన గినీ కొండల్లో కురిసిన వానలవి. నిదానంగా దిగివచ్చి మోప్తి పట్నం దగ్గర నది నిండుగా పారేసరికి అక్టోబరు, నవంబరు అవుతుంది. అప్పటికి అక్కడ వానలు ఆగిపోతాయి. ముందు వాన, తర్వాత వరద. రెండింటి మధ్య వరి బతకాలి.

తొలకరికి రైతు దుక్కిలో విత్తనం చల్లుతాడు. వరద తొందరపడి వచ్చిందా, పసి మొక్క మునిగిపోతుంది. నీళ్లతో పాటు చేపలూ వస్తాయి, లేత వరిని కొరుక్కుతినే చేపలు! వరద ఆలస్యమైందా, పైరు నిలువునా ఎండుతుంది. వేళకు వచ్చిందా, అప్పుడు చూడాలి ఆ వరిని. నీరు పెరిగే కొద్దీ కాడ సాగుతుంది. రెండు మీటర్ల నీళ్లుంటే రెండు మీటర్లూ సాగి, ఆకులు పైన తేలుతూ ఉంటాయి. నీళ్లలో ఉన్న కణుపుల దగ్గర కొత్త వేళ్లు పుడతాయి. కోతల నాటికి నీరు తీయకపోతే పడవల మీద వెళ్లి కంకులు కోసుకుంటారు.

అక్కడ బోజోలు చేపలు పడతారు, ఫులానీలు పశువులు మేపుతారు, మార్కాలు తరతరాలుగా వరి పండిస్తారు. మార్కా రైతు ఒక్క విత్తనాన్నే నమ్ముకోడు. మెరకకు ఒకటి, పల్లానికి ఒకటి. తొందరగా పండేది ఒకటి, ఆలస్యంగా పండేది ఒకటి. విత్తడం కూడా ఒకేసారి కాదు, కొంత ముందు, కొంత వెనక. ఈ ఏడు వరద ఎంత వస్తుందో, ఎప్పుడు వస్తుందో తెలియదు. తెలియదు కనుకనే అన్నీ వేస్తారు. మళ్లీ చెబుతున్నాను, తెలియదు కనుకనే అన్నీ వేస్తారు. 1973లో, 1984లో కరువులొచ్చి వరద బాగా తగ్గిన ఏళ్లున్నాయి. అలాంటి ఏడు ఒకే రకం వేసినవాడి గతి ఏమిటో ఆలోచించండి.

ఈ వరికి లోపాలున్నాయి. గింజ రాలుతుంది, మర పట్టిస్తే నూక ఎక్కువ, దిగుబడి తక్కువ. అందుకే ఆసియా వరి దీన్ని వెనక్కి నెట్టేసింది. నాకది బాధగానే ఉంటుంది. ఎందుకంటే కలుపును అణిచే గుణం, అక్కడి తెగుళ్లకు తట్టుకునే గుణం దీనిలోనే ఉన్నాయి. 1990ల్లో సియెర్రా లియోన్ శాస్త్రవేత్త మాంటీ జోన్స్ ఈ వరినీ ఆసియా వరినీ సంకరపరిచి నెరికా వంగడాలు తెచ్చారు. 2004లో ఆయనకు ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది.

మనకూ ఇలాంటి మేలు జరిగింది. మారుటేరులో పుట్టిన స్వర్ణ వరి మీకు తెలుసు. ముంపును తట్టుకునే గుణాన్ని ఒడిశా నాటు వరి నుంచి తెచ్చి దానికి కలిపారు. 2009లో విడుదలైన ఆ స్వర్ణ సబ్-1 రెండు వారాలు మునిగినా తేరుకుంటుంది. ఆఫ్రికా వరి నీటితో పాటు సాగుతుంది, ఇది ఎదగడం ఆపి ఓపిక పడుతుంది. దారులు వేరు, రెండూ నాటు వరులు ఇచ్చినవే.

కాబట్టి మీ ఇంట్లో పాత రకం వరి ఏదైనా ఉంటే గాదెలో దాచి ఊరుకోకండి. మన ఎండలకు, చెమ్మకు రెండు మూడేళ్లలో మొలక చచ్చిపోతుంది. ఏటా రెండు సెంట్లలోనైనా వేయండి. పక్క వరికి మూడు మీటర్ల ఎడం ఇస్తే చాలు. కోతకు ముందే మడి మధ్యలోకి వెళ్లి మంచి కంకులు ఏరి, నీడన ఆరబెట్టి, పేరు రాసి కట్టండి. ఇంకో గుప్పెడు పక్కింటి రైతుకివ్వండి. మీ మడి మునిగినా ఆయన దగ్గర విత్తనం ఉంటుంది.

నమస్కారం.