విల్‌కాక్స్‌లో వగరు

అందరికీ నమస్కారమండీ. పోయిన సారి కలిసినప్పుడు ఎవరో "రెండు రోజులు సెలవు దొరికితే ఎక్కడికి పోతారు" అని అడిగితే తలా ఒక పేరు చెప్పారు, సెడోనా అన్నారు, గ్రాండ్ క్యానియన్ అన్నారు, నేను విల్‌కాక్స్ అన్నాను. అదెక్కడుంది అని సగం మంది, అక్కడ ఏముంది అని మిగతా సగం. అప్పుడే ఒకాయన అయితే వచ్చే నెల మీరే మాట్లాడండి అని నా పేరు రాసేసుకున్నారు. మైకు ముందు మాట్లాడటం నాకు కొత్త, కానీ ద్రాక్ష తోటలూ వైనూ ఉన్న ఈ ఊరి గురించి చెప్పమంటే ఎంతసేపైనా చెప్తాను, నాకు అంత ఇష్టం.

అరిజోనాలో మన చాండ్లర్ నుంచి ఐ-10 హైవే పట్టుకుని టూసాన్ దాటి తూర్పుకి పోతూనే ఉండాలి, మొత్తం మీద రెండున్నర గంటల పైనే పడుతుంది. బెన్సన్ దాటాక టెక్సాస్ క్యానియన్ అని వస్తుంది, పెద్ద పెద్ద గుండ్రాళ్ళు ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టు ఉంటాయి, మాది అనంతపురం వైపు కాబట్టి నాకైతే పెనుకొండ దారిలో పోతున్నట్టే అనిపిస్తుంది, మా పిల్లలకి ప్రతిసారీ అదే మాట చెప్తాను. అది దిగితే ఒక్కసారిగా నేలంతా చదునుగా పరుచుకుంటుంది, చుట్టూ కొండలు, మధ్యలో విల్‌కాక్స్. జనాభా మూడు వేల చిల్లర, అంతే.

1880లో రైలు పట్టాలు వేసేటప్పుడు పుట్టిన ఊరు ఇది. తర్వాత చాలా ఏళ్ళు పశువుల ఊరు, చుట్టుపక్కల రాంచుల నుంచి తోలుకొచ్చి ఇక్కడే రైలెక్కించేవాళ్ళు. రైల్‌రోడ్ అవెన్యూ అని ఒక వీధి ఉంది, ఒక పక్క పాత ఇటుక కొట్లు, ఇంకో పక్క చిన్న పార్కు, పార్కుని ఆనుకుని రైలు పట్టాలు. పార్కులో రెక్స్ అలెన్ విగ్రహం ఉంటుంది, ఈ ఊరి పరిసరాల్లోనే పుట్టి కౌబాయ్ సినిమాల్లో హీరో అయినాయన, ఆయన గుర్రం కోకోని కూడా అక్కడే పూడ్చిపెట్టారు. ఆ పాత కొట్లలోనే ఇప్పుడు వైన్ రుచి చూపించే టేస్టింగ్ రూములు ఉన్నాయి, ఒకటి ఒకప్పటి బ్యాంకు బిల్డింగులో కూడా పెట్టారు. కారు ఒకచోట ఆపేస్తే మిగతాదంతా నడిచే తిరగొచ్చు.

నేను మొదటిసారి వెళ్ళింది మా ఆఫీసు వాళ్ళతో. ఎవరూ ఏమీ అనకపోయినా నాకే లోపల ఒక బెరుకు, మనకి ఇవన్నీ తెలీదు కదా, ఏం మాట్లాడితే ఏం తప్పో అని. కౌంటరు వెనక ఒక పెద్దావిడ ఉంది, నా ముందు ఒక గ్లాసు పెట్టి అందులో ఒక గుక్కెడు, ముప్పై మిల్లీలీటర్లు ఉంటుందేమో, అంతే పోసింది. మొత్తం ఐదు రకాలు, తెల్లవి ముందు, ఎర్రవి తర్వాత. తాగగానే ఏమనిపిస్తోంది అని అడుగుతుంది. నా పక్కనున్నవాళ్ళు బ్లాక్‌బెర్రీ అన్నారు, తోలు అన్నారు, పొగాకు అన్నారు, నేను చిన్నప్పుడు బ్లాక్‌బెర్రీ మొహం కూడా చూడలేదు, ఇంక ఏం చెప్పను? నాలుగో గ్లాసు నోట్లో పోసుకున్నాక నాలుక మొద్దుబారినట్టు, చిగుళ్ళు పట్టేసినట్టు అయ్యింది, నోట్లోంచి తెలుగే వచ్చింది, "వగరు" అన్నాను.

అదేంటి అని అడిగింది ఆవిడ. మాకు నేరేడు పళ్ళని ఉంటాయి, గుప్పెడు తింటే నాలుక నల్లబడి ఇట్లాగే పట్టేస్తుంది, పచ్చి అరటికాయ కొరికినా, వక్క నమిలినా ఇదే, మా భాషలో దీనికి విడిగా ఒక మాటే ఉంది, ఉగాది పచ్చడిలో మామిడి ముక్కతో ఈ రుచిని కూడా లెక్కపెట్టుకుని తింటాం అని చెప్పాను. ఆవిడ గ్లాసు తుడవటం ఆపేసి ఆ మాట ఇంకోసారి చెప్పించుకుంది. అది టానిన్ అని, పండు గుజ్జులోంచి రాదని, తొక్కలోంచి గింజల్లోంచి వస్తుందని, ఎర్ర వైన్‌ని తొక్కతో సహా పులియబెడతారు కాబట్టి అందులోనే ఎక్కువని చెప్పింది. సరిగ్గా అప్పుడే గూడ్సు రైలు వచ్చింది, ఆ వీధిలో రైలొస్తే మాటలు వినపడవు, కౌంటరు మీద గ్లాసులు కూడా సన్నగా వణుకుతాయి, అందరం అట్లా నవ్వుకుంటూ నిలబడిపోయాం. రైలు పోయాక ఆవిడ మూడో గ్లాసు, నాలుగో గ్లాసు పక్కపక్కన పెట్టి "ఇప్పుడు నీ వగరు దేంట్లో ఎక్కువుందో చెప్పు" అంది.

ఆ రోజు నుంచి నేను ఎక్కడికెళ్ళినా తెలుగులోనే రుచి చూస్తున్నానండీ. మాల్వాసియా అని ఒక తెల్ల ద్రాక్ష ఉంది, విల్‌కాక్స్‌లో బాగా పండుతుంది, ఆ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంటే నాకు సాయంత్రం పూట మల్లెపూల దండ వాసన. గ్రెనాష్ అనే ఎర్ర ద్రాక్ష అయితే ఎండబెట్టిన రేగుపళ్ళు, రేగొడియాలు గుర్తొస్తాయి. సిరా అనే ద్రాక్షలో మిరియాల ఘాటు ఉంటుంది, అది మన ఊహ కూడా కాదు, మిరియాల్లో ఏ పదార్థం వల్ల ఆ వాసన వస్తుందో అదే రోటండోన్ సిరా తొక్కలో కూడా ఉంటుంది. మిరియాల చారు తాగి పెరిగిన ముక్కు ఇంక దేన్ని చూసి బెదరాలి చెప్పండి. టేస్టింగ్ రూము వాళ్ళు కాగితం మీద రాసిచ్చిన రుచులు మనకి తగలకపోతే మన నాలుకలో లోపం ఉందని కాదు, వాళ్ళు తిన్నవి వేరు మనం తిన్నవి వేరు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. నేను సారా చూసిన ఊరి నుంచి వచ్చాను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా వద్దని లేచినప్పుడు మా అమ్మ పేపర్లో ఆ వార్త మా చేత గట్టిగా చదివించుకుని మళ్ళీ మళ్ళీ విన్నది, ఎందుకంటే మా వీధిలో కూలి డబ్బులు ఎటు పోతాయో ఆవిడకి తెలుసు. కాబట్టి నేను తాగమని చెప్పడానికి రాలేదండీ. తాగనివాళ్ళు తాగకండి, మా చెల్లి తాగదు, అయినా నాతో వచ్చింది, గ్లాసు పట్టుకుని వాసన చూసింది, మాటలు వింది, హాయిగా తిరిగింది. అక్కడ కౌంటరు మీద చిన్న బకెట్ ఒకటి పెట్టి ఉంటుంది, రుచి చూసి అందులో ఉమ్మేయొచ్చు, గ్లాసులో మిగిలింది పారబోయొచ్చు, ఎవరూ తప్పుగా అనుకోరు, ఆ పని బాగా తెలిసినవాళ్ళే ముందు ఉమ్మేస్తారు. మధ్యమధ్యలో నీళ్ళు తాగాలి, ఏదైనా తినాలి, రోజుకి రెండు చోట్లు, మహా అయితే మూడు, అంతకి మించితే నాలుకకి ఏదీ తెలీదు.

డ్రైవింగ్ సంగతి మాత్రం గట్టిగా చెప్తున్నాను. అరిజోనాలో చట్టం చాలా కఠినం, రక్తంలో ఆల్కహాల్ 0.08 శాతం దాటితేనే కేసు అనుకోకండి, అంతకంటే తక్కువున్నా మత్తు కొంచెం ప్రభావం చూపించిందని పోలీసుకి అనిపిస్తే చాలు పట్టుకోవచ్చు, మొదటిసారికే జైలు ఉంది. మనలో చాలామంది వీసాల మీద ఉన్నవాళ్ళం, డీయూఐలో, అంటే తాగి బండి నడిపిన కేసులో, అరెస్టయితే కోర్టు తీర్పు రాకముందే వీసా రద్దు చేయగలరు, చేశారు కూడా. తాగని మనిషి ఒకరు స్టీరింగ్ దగ్గర ఉండాలి, లేదా రాత్రికి ఆ ఊళ్ళోనే ఉండిపోవాలి.

సరే, అసలు ఎడారిలో ద్రాక్ష ఏంటి అని అడుగుతారు, నేనూ అదే అడిగాను. ఎడారి అంటే మన ఫీనిక్స్ లాంటిది అనుకుంటాం, కానీ విల్‌కాక్స్ సముద్రమట్టానికి నాలుగు వేల అడుగుల పైన ఉంది. పగలు ఎండ కాల్చేస్తుంది, పొద్దు వాలితే చలి. పగటి ఎండకి పండులో తీపి పెరుగుతుంది, రాత్రి చల్లదనానికి పులుపు పోకుండా నిలబడుతుంది, ఆ రెండూ కలిస్తేనే వైన్ నిలుస్తుంది. యూనివర్సిటీ ఆఫ్ అరిజోనాలో గోర్డన్ డట్ అని మట్టి శాస్త్రవేత్త ఉండేవారు, 1970ల్లో ఈ దక్షిణ అరిజోనా నేలల్లో ద్రాక్ష పండుతుందని ప్రయోగాలు చేసి, సొనోయిటాలో తనే తోట వేసి చూపించారు. అసలైతే ఇంకా ముందే రావాల్సింది, అమెరికా మొత్తం కంటే ఐదేళ్ళ ముందు 1915లోనే అరిజోనాలో మద్యనిషేధం వచ్చి ఉన్న కాస్త తోటలూ పోయాయి. విల్‌కాక్స్‌కి ప్రత్యేక ద్రాక్ష ప్రాంతంగా ప్రభుత్వ గుర్తింపు 2016లో వచ్చింది, ఇప్పుడు ఈ రాష్ట్రంలో వైన్ ద్రాక్షలో ఎక్కువ భాగం ఇక్కడిదే. టూల్ అనే రాక్ బ్యాండ్‌లో పాడే మేనార్డ్ జేమ్స్ కీనన్‌కీ, న్యూజీలాండ్ నుంచి వచ్చిన సినిమా డైరెక్టర్ శామ్ పిల్స్‌బరీకీ కూడా ఇక్కడ తోటలున్నాయి.

మనకి ద్రాక్ష అంటే హైదరాబాద్ అనాబ్-ఎ-షాహీ, శంషాబాద్ వైపు పందిళ్ళు, లావుగా నీళ్ళతో నిండిన పండు. వైన్ ద్రాక్ష చేతిలో పెట్టుకుంటే ఇదా అనిపిస్తుంది, శనగ గింజ కంటే కాస్త పెద్దది, తొక్క మందం, లోపల గింజలే గింజలు. కానీ వాళ్ళకి కావాల్సిందే ఆ తొక్కా ఆ గింజా.

ఈ పంట కష్టం వింటే మాత్రం మన రైతు మాట్లాడినట్టే ఉంటుంది. ఏప్రిల్‌లో చిగురు వేశాక ఒక రాత్రి మంచు పడితే ఆ ఏడు పంట అయిపోయినట్టే, అందుకని రాత్రంతా మేలుకుని తోటలో పెద్ద ఫ్యాన్లు తిప్పుతారు. జులై నుంచి ఇక్కడ మాన్‌సూన్, సరిగ్గా పండు రంగు తిరిగే వేళకి ఉరుములు, వడగళ్ళు, ఆగస్టులో కోత మొదలయ్యేసరికి గుత్తుల్లో కుళ్ళు. టేస్టింగ్ రూముకి వెళ్ళినప్పుడు ఇది ఏ సంవత్సరం అని అడిగి ఊరుకోకండి, ఆ సంవత్సరం ఏం జరిగింది అని అడగండి. కౌంటరు వెనకాల నిలబడ్డ మనిషి చాలా చోట్ల ఆ తోట ఇంటి మనిషే, ఆ ప్రశ్న అడిగితే వాళ్ళ మొహమే మారిపోతుంది, ఇంక పదిహేను నిమిషాలు మీతోనే మాట్లాడతారు.

నీళ్ళ గురించి అడిగితే ఇంకా ఎక్కువసేపు మాట్లాడతారు. ఆ లోయలోంచి బయటికి పోయే నది లేదు, కొండల మీద పడిన వాన అంతా లోపలికే వచ్చి విల్‌కాక్స్ ప్లాయా అనే ఎండు చెరువులోకి చేరుతుంది, చలికాలంలో వేల కొద్దీ శాండ్‌హిల్ క్రేన్ కొంగలు దిగేది అక్కడే. భూమిలో నీళ్ళకి ఆ వానా, కొండల మీద మంచే ఆధారం, వచ్చేదానికంటే తోడేది ఎంతో ఎక్కువ. ద్రాక్షకి డ్రిప్పు మీద కొంచెం నీళ్ళు చాలు కానీ, పశువుల మేత కోసం వేసే అల్ఫాల్ఫా లాంటి పంటలకి చాలా కావాలి. ఇళ్ళల్లో బోర్లు ఎండిపోయాయి, నేల కుంగింది, పొలాల్లో నెర్రెలు పడ్డాయి. 2022లో భూగర్భజలాల మీద అదుపు పెడదామా అని ఓటింగ్ పెడితే అక్కడి జనమే వద్దన్నారు, చివరికి 2024 డిసెంబరులో రాష్ట్రమే ఆ అదుపు పెట్టింది. అటు రైతులు బోర్ల మీద పెత్తనం ఏంటని కోపంగా ఉన్నారు, ఇటు బోరు ఎండినవాళ్ళు ఇన్నాళ్ళు ఎందుకు ఆగారని. నేనైతే ఆ రెండో వాళ్ళ పక్షమే, బోరు ఎండిన ఇంట్లో పెరిగాను కాబట్టి.

మా నాన్న రెండేళ్ళ కిందట వచ్చినప్పుడు తీసుకెళ్ళాను. ఆయన చుక్క ముట్టరు, లోపలికి కూడా రానన్నారు, సరే అని ఊరి బయట తోటలోనే రుచి చూపించే ఒక చోటికి తీసుకెళ్ళాను. నేను లోపల మాట్లాడుతుంటే ఈయన సాళ్ళ మధ్యలో కూర్చుని మట్టి చిటికెడు తీసి వేళ్ళతో నలుపుతున్నారు. తోట ఆసామి, ఈయన ఈడు మనిషే, చూసి దగ్గరికెళ్ళాడు, నేను పరిగెత్తుకెళ్ళాను మాట మార్చి చెప్పడానికి. నాన్న అడిగిన మొదటి మాట "బోరు ఎన్నడుగులు వేసినారు?" అని. ఆయన చెప్పాడు, చెప్పి, పక్క పొలం వాళ్ళు ఇంకా లోతుకి దింపారు, అందుకని నేనూ దింపాల్సి వస్తుందేమో అన్నాడు. నాన్న కాసేపు ఊరుకుని "మా తావ కూడా ఇట్లే మొదలైంది, వాడు నూరడుగులు దింపితే వీడు నూటయాభై, ఆఖరికి ఎవురికీ లేకపాయె, సెనిక్కాయ వేసేదానికి కూడా వాన కోసం మొగులు చూసుకుంటా కూర్చుంటిమి" అన్నారు. నేను అదంతా ఇంగ్లీషులో చెప్పాను. ఇద్దరూ కలిసి బోరు దగ్గరికి నడిచారు, నాన్న పైపు మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుని విని, "గాలి రాలేదులే, నీళ్ళు బాగా తోడతా ఉంది" అన్నారు. ఆయన టోపీ తీసి నాన్న చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

వచ్చే నెల మూడో శనివారం నేను మళ్ళీ వెళ్తున్నాను, పొద్దున్నే ఏడింటికి బయల్దేరతాను, బండిలో ఇంకా ఐదుగురికి చోటుంది. దారిలో తినడానికి పులిహోర నేను చేసి తెస్తాను. డ్రైవింగ్ నాదే కాబట్టి ఆ రోజు నేను వాసన మాత్రం చూస్తాను, వగరు ఎట్లా ఉందో మీరు చెప్పాలి.