బాలింతల పాటకు కొలబద్ద: సంగీత శాఖ, వైద్య శాఖ కలిసి చేయాల్సిన పని

సంగీత, వైద్య కళాశాలల పెద్దలందరికీ నమస్కారం.

పాట మనసుకు మంచిదని చెప్పడానికి పరిశోధన అక్కర్లేదు. ఎవరికి, ఎన్ని వారాలు, ఎంత మేరకు అన్నది తేల్చాలంటేనే మీ ఇద్దరూ కలిసి కూర్చోవాలి. లండన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్, ఇంపీరియల్ కాలేజ్ కలిసి సెంటర్ ఫర్ పెర్ఫార్మెన్స్ సైన్స్‌ను నడుపుతున్నాయి. అలాంటి పొత్తులో ఏం సాధించవచ్చో 2018లో డెయిజీ ఫాన్‌కోర్ట్, రోజీ పెర్కిన్స్ ప్రచురించిన అధ్యయనం చూపించింది.

ప్రసవం తర్వాత కుంగుబాటు లక్షణాలున్న 134 మంది తల్లులను లాటరీ పద్ధతిలో మూడు జట్లు చేశారు. ఒక జట్టు బిడ్డలతో కలిసి పాటలు విన్నది, నేర్చుకుని పాడింది, మాతృత్వం మీద సొంతంగా పాటలు కట్టింది. రెండో జట్టు బిడ్డలతో ఆటలాడింది. మూడో జట్టుకు మామూలు వైద్యమే. ప్రసవం తర్వాతి కుంగుబాటును కొలిచే ఎడిన్‌బరో ప్రశ్నావళి వాడారు: 10 ప్రశ్నలు, 30 మార్కులు, గత 7 రోజుల మనఃస్థితి. మార్కులు పెరిగితే కుంగుబాటు ఎక్కువని అర్థం.

10 వారాలయ్యేసరికి మూడు జట్లూ మెరుగుపడ్డాయి. పాడిన జట్టునొక్కదాన్నే చూసి ఉంటే ఘనతంతా పాటకే కట్టబెట్టేవాళ్లం! అసలు తేడా వేగంలో ఉంది. 13 లేదా అంతకు మించి మార్కులున్న తల్లుల్లో, పాడినవాళ్లు మామూలు వైద్యం పొందినవాళ్ల కంటే త్వరగా, 6వ వారానికే మెరుగుపడ్డారు. ఆటల జట్టులో అంత తేడా కనబడలేదు. తోటి తల్లులను కలవడమే మందేమో అన్న అనుమానానికి జవాబిచ్చేది ఆ రెండో జట్టే. ఖర్చు తగ్గించమనగానే ముందు కొట్టేసేదీ దాన్నే. దయచేసి దాన్ని కాపాడండి.

మన దగ్గర చేస్తే మొదటి చిక్కు పుట్టిల్లు. బాలింత మూడో నెలలోనో ఐదో నెలలోనో అత్తవారింటికి వెళ్లిపోతుంది, వారాలు మధ్యలో తెగిపోతాయి. చేర్చుకునేటప్పుడే ప్రయాణం తేదీ అడిగి, 10 వారాలు మిగిలి ఉంటేనే తీసుకోండి. అయినా కొందరు మానేస్తారు. నూటికి 20 మంది మానేస్తారనుకుంటే, చివరికి జట్టుకు 45 మంది మిగలాలంటే 57 మందిని చేర్చుకోవాలి.

రెండో చిక్కు గాయని. అన్ని తరగతులూ ఒకరే నడిపితే మీరు కొలిచేది పాటనో, ఆవిడ చలాకీతనాన్నో తెలియదు. కనీసం ముగ్గురికి ఒకే పాఠ్యక్రమం ఇవ్వండి: ఏ వారం ఏ జోల, ఏ శ్రుతి, ఎన్నిసార్లు. బాలింత గొంతు తారస్థాయికి పోనక్కర్లేని పాటలే ఎంచండి. పాలిచ్చే విరామం తరగతి సమయంలోనే కలపండి.

పాఠ్యక్రమం రాయగలిగింది సంగీతం తెలిసినవాళ్లే. కాబట్టి ఎథిక్స్ కమిటీకి పెట్టే దరఖాస్తులోనే గాయనిని సహ పరిశోధకురాలిగా చూపాలి. సాధన గంటలకూ పారితోషికం ఇవ్వాలి. మొదటి తల్లిని చేర్చుకోకముందే సీటీఆర్‌ఐలో, అంటే మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో, అధ్యయనాన్ని నమోదు చేయాలి.

ఇక ప్రశ్నావళిలో 10వ ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి. దానికి సున్నా తప్ప ఏ మార్కు వచ్చినా, మొత్తం ఎంతున్నా సరే, ఆ తల్లిని అదే రోజు మానసిక వైద్యులు చూడాలి. కాగితాలు వారాంతంలో లెక్కిద్దామని కట్ట కట్టకూడదు. ఆవిడ గది దాటకముందే ఆ జవాబు చూసే మనిషి పేరు, ఫోన్ చేయాల్సిన డాక్టరు పేరు మొదటి తరగతికి ముందే రాసి పెట్టుకోండి.