పుట్ట పక్కన చిన్న గొడుగు

రేపు పొద్దున మనం పుట్టగొడుగులు వెతుకుతూ నల్లమల అంచున నడుస్తున్నాం. ఈ రాత్రి ఒక జల్లు పడిందంటే మన పంట పండినట్టే.

పుట్టగొడుగు అనే మాటలోనే దాని చిరునామా ఉంది. 1942లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త రోజే హైమ్, చెదలతో కలిసి బతికే ఈ గొడుగులకు టెర్మిటోమైసిస్ అని పేరు పెట్టాడు. పుట్ట సంగతి మనవాళ్లు ఎప్పుడో పేరులో పెట్టేశారు!

రేపు వెతికేది అందులో చిన్నది, మైక్రోకార్పస్. గొడుగు అర్ధరూపాయి బిళ్లంత ఉంటుంది. తెల్లగా ఉండి, నడినెత్తిన చిన్న బొడిపె. ఒకటి కనిపిస్తే చుట్టూ వందలుంటాయి, పేలాలు చల్లినట్టు. జాంబియాలో దొరికే దీని చుట్టం టైటానికస్ గొడుగైతే మీటరు వెడల్పు దాకా పెరుగుతుంది.

చెదలు పుట్టలో సేద్యం చేస్తాయి. ఎండుటాకులు, కట్టెపేళ్లు నమిలి మింగి, ఆ మలంతో తేనెపట్టులాంటిది కడతాయి. దాని మీద పెరిగే ఈ గొడుగుల శిలీంద్రం, చెదలకు అరగని లిగ్నిన్‌ను, అంటే కట్టెకు గట్టిదనమిచ్చే పదార్థాన్ని, విరగ్గొట్టి పెడుతుంది. మిగతా రకాలు చాలావరకు ఆ పట్టు నుంచి వేరులాంటి పొడవాటి కాడతో నేల చీల్చుకుని పైకొస్తాయి. మన చిన్నదానికి ఆ శ్రమ లేదు. పట్టు ముక్కల్ని చెదలే మోసుకొచ్చి బయట పోస్తాయి. వానకు అక్కడే మొలుస్తుంది.

అందుకే కనబడగానే పీకేయకండి. చాకుమొనతో మట్టితో సహా ఎత్తి, కాడ మొదట్లో చెదలు పోసిన నలుసులున్నాయేమో చూడండి.

నేనోసారి బోల్తా పడ్డాను. కుళ్లిన మొద్దు చుట్టూ ఇలాగే వందల గొడుగులు. ఫొటో తీసి, మైక్రోకార్పస్ అని పేరు రాసి, స్నేహితులందరికీ పంపేశాను. ఇంటికొచ్చాక ఒక గొడుగు కాడ తీసేసి, తెల్ల కాగితం మీద బోర్లించి, పైన గ్లాసు మూసిపెట్టాను. తెల్లారేసరికి కాగితం మీద నల్లటి అచ్చు! గొడుగుకు విత్తనాల్లాంటి సిద్ధబీజాలు రాలితే పడేదే ఆ అచ్చు. మైక్రోకార్పస్‌ది లేత గులాబీ రంగులో ఉంటుంది. నేను చూసింది కోప్రినెల్లస్, కుళ్లే చెక్క మీద బతికేది. గొడుగులు చూసిన సంబరంలో మొద్దును పట్టించుకోలేదు.

తినొచ్చా అని ఎలాగూ అడుగుతారు. మైక్రోకార్పస్ తినేదే. కానీ నిన్న నేర్చుకున్న కంటిని నమ్ముకుని ఎవరూ కూర వండొద్దు. వానాకాలం పచ్చికల్లో మొలిచే క్లోరోఫిల్లమ్ మోలిబ్డైటిస్ అనే గొడుగు కూడా తెల్లగా ముద్దొస్తుంది. దాని అచ్చు మాత్రం ఆకుపచ్చ. తింటే వాంతులు, విరేచనాలు.

ఆరింటికి బయల్దేరదాం. చాకు, కాగితం పొట్లాలు తెచ్చుకోండి. ప్లాస్టిక్ సంచులు వద్దు, గొడుగులు చెమ్మ పట్టి మధ్యాహ్నానికే కుళ్లిపోతాయి.