మన్యానికి వచ్చిన అస్సాం పటాలం

శ్రోతలందరికీ నమస్కారం.

చలికాలం వచ్చిందంటే విశాఖపట్నం నుంచి లంబసింగికి కార్లు బారులు తీరతాయి. నర్సీపట్నం దాటాక ఘాట్ మొదలవుతుంది. మంచు చూడాలన్న తొందరలో ఆ రోడ్డు ఎవరు వేశారన్నది మనకు తట్టదు. వందేళ్ల కిందట ఆ కొండల్లో రోడ్డు పనికి గిరిజనులను తోలుకొచ్చేవారు. రోజంతా రాళ్లు మోస్తే చేతిలో పడే కూలి నామమాత్రం, ఒక్కోసారి అదీ లేదు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ పేరు చెబితే మన్యం మండిపోయేది. దానికి తోడు 1882 నాటి మద్రాసు అటవీ చట్టం వచ్చాక అడవి నరికి పోడు సాగు చేసుకుంటే నేరం, కట్టెపుల్ల తెచ్చుకుంటే నేరం అయింది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో లేచిన మన్యం పితూరీకి ఇవన్నీ కారణాలే.

రాజు కథ మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మన భీమిలి దగ్గరి పాండ్రంగిలో పుట్టినవాడు. ఆయన మీదికి ప్రభుత్వం పంపిన పటాలాల గురించి మాత్రం మనం పెద్దగా మాట్లాడుకోం. చివరగా దిగిన పటాలం ఎక్కడో బ్రహ్మపుత్ర అవతలి కొండల నుంచి వచ్చింది. దాని పేరు అస్సాం రైఫిల్స్. తిరుగుబాట్లను ఎదుర్కోవడమే పనిగా దాదాపు రెండు శతాబ్దాలు గడిపిన బలగం అది. ఈరోజు ఆ పటాలం కథ చెబుతాను.

దాని పుట్టుక 1835లో. అస్సాంలో తెల్లవాళ్లు తేయాకు తోటలు వేస్తున్న రోజులవి. కొండజాతులు దిగివచ్చి తోటల మీద, పల్లపు ఊళ్ల మీద దాడులు చేసేవారు. వాళ్లను ఆపడానికి కచార్ లెవీ పేరుతో సుమారు 750 మందిని కూడగట్టారు. తర్వాత పేర్లు మారుతూ వచ్చాయి. ఫ్రాంటియర్ పోలీస్ అన్నారు, మిలిటరీ పోలీస్ అన్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ బలగం నుంచి 3,000 మందికి పైగా గూర్ఖా రెజిమెంట్లకు వెళ్లి పోరాడారు. ఆ గుర్తింపుగా 1917లో అస్సాం రైఫిల్స్ అన్న పేరు ఇచ్చారు.

ఇది సైన్యమా, పోలీసా అని చాలామంది అడుగుతారు. ఇప్పటికీ జీతభత్యాలు, పాలన కేంద్ర హోం శాఖవి. రంగంలో నడిపించేది సైన్యం. షిల్లాంగ్‌లోని ప్రధాన కార్యాలయంలో కూర్చునేది సైన్యానికి చెందిన లెఫ్టినెంట్ జనరల్. లోపలి అమరిక అచ్చంగా పదాతిదళానిదే. పది మంది ఒక సెక్షన్, మూడు సెక్షన్లు ఒక ప్లటూన్, ప్లటూన్లు కలిస్తే కంపెనీ, కంపెనీలు కలిస్తే బెటాలియన్. ఇవాళ అలాంటివి 46 బెటాలియన్లు ఉన్నాయి.

కొత్త పేరు వచ్చిన ఏడాదే దానికి పెద్ద పని పడింది. ఫ్రాన్స్‌లో యుద్ధం వెనక కూలి పనికి మణిపూర్ కొండల నుంచి మనుషులను పంపమన్నారు. అక్కడి కుకీ తెగ పెద్దలు పంపం అన్నారు. 1917 నుంచి 1919 దాకా తిరుగుబాటు నడిచింది. అస్సాం రైఫిల్స్ దళాలు కొండకొండా ఎక్కి ఊళ్లు తగలబెట్టాయి, గాదెల్లో ధాన్యం కాల్చాయి. తిండి లేక తిరుగుబాటు లొంగింది. ఆ బలగం నేర్చుకున్న యుద్ధం అలాంటిది. ఈ సంగతి చెప్పకుండా దాని శౌర్యం ఒక్కటే చెబితే అది చరిత్ర అనిపించుకోదు.

ఇక మన మన్యానికి వద్దాం. ఇక్కడి కొండలకు పటాలాలు కొత్త కాదు. 1879లో కల్లు మీద చిగురుపన్ను వేసినందుకు రంప దేశం తిరగబడింది. అప్పుడు ఆరు మద్రాసు పదాతి రెజిమెంట్లు, గుర్రపు దళం, దారులు వేసే సాపర్లు, పైన హైదరాబాదు నుంచి మరో రెజిమెంటు దిగాయి. అంత బలగానికీ అడవిలో మొదటి శత్రువు జ్వరం. మన్యం జ్వరం ఊరూ పేరూ అడగదు, హోదా చూడదు. గెడ్డలు పొంగితే సామాన్లు మోసే ఎడ్లు ఇవతల ఒడ్డునే ఆగిపోతాయి. అలాంటి చోట తుపాకుల లెక్క కన్నా దారి తెలిసినవాడు ఎవరి పక్షాన ఉన్నాడన్నదే ముఖ్యం.

సీతారామరాజుకు ఈ లెక్క బాగా తెలుసు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరసగా మూడు రోజుల్లో మూడు స్టేషన్లు. మొత్తం 26 తుపాకులు, 2,500 దాకా తూటాలు దొరికాయి. ఇంత మాత్రం ఆయుధాలతో రెండేళ్లు సామ్రాజ్యాన్ని తిప్పలు పెట్టడం ఎలా సాధ్యమైందో చెప్పాలంటే దామనపల్లి ఘాట్ దగ్గర ఒక్క నిమిషం ఆగాలి.

1922 సెప్టెంబరు 24. స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు బలగంతో రాజును వెతుకుతూ ఘాట్ దారిలో వెళుతున్నారు. దారి సన్నం, ఇద్దరు పక్కపక్కన నడవలేనంత ఇరుకు. ముందు మన కానిస్టేబుళ్లు, వెనక దొరలు. రాజు మనుషులు పైన చెట్ల మాటున ఉన్నారు. ముందు నడిచేవాళ్లు తుపాకీ వేటుకు అందేంత దగ్గరగా పోతున్నా ఒక్కరూ కాల్చలేదు. వాళ్లను పోనిచ్చారు. దొరలు ఎదురుగా వచ్చాకే కాల్పులు మొదలయ్యాయి. ఇద్దరూ అక్కడే పడిపోయారు. వాళ్ల సమాధులు నర్సీపట్నంలో ఉన్నాయి.

సైనికులు దీన్ని ఆంబుష్ అంటారు. ఆంబుష్‌లో కష్టమైన పని కాల్చడం కాదు, కాల్చకుండా ఉండటం. చెమట కళ్లలోకి కారుతున్నా, చీమలు పాకుతున్నా, ముందు వెళ్లేవాడి అడుగుల చప్పుడు వినిపిస్తున్నా వేలు ట్రిగ్గర్ మీద కదలకూడదు. విల్లంబులు పట్టి వేటాడే కోయ, బగత యువకులకు ఆ ఓర్పు పుట్టుకతో వచ్చింది. మద్రాసు ప్రభుత్వం ఏడాదికేడాది డ్రిల్లు చేయించినా తన పోలీసులకు అది అబ్బలేదు.

అందుకే మలబారు స్పెషల్ పోలీసులను రప్పించారు. కేరళ వైపు మలబారులో మాప్పిళ్ల తిరుగుబాటును అణచడం కోసం 1921లో కట్టిన దళం అది. లూయిస్ గన్నులనే మరతుపాకులు తెచ్చారు. రాజు ముఖ్య అనుచరుడు గాం మల్లుదొరను 1923 సెప్టెంబరులో పట్టుకోగలిగారు. రాజు మాత్రం దొరకలేదు. కొండ మీది ఊళ్లలో ఎవరూ నోరు విప్పలేదు. మిరపకాయ టపాతో, అంటే మిరపకాయ కట్టిన ఉత్తరంతో ముందే కబురు పంపి మరీ దాడి చేసేవాడిని పట్టుకోలేకపోవడం ప్రభుత్వానికి తలవంపు అయింది. 1924 జనవరిలో అస్సాం రైఫిల్స్ దళం మన్యంలో దిగింది. నాయకుడు మేజర్ గుడాల్.

అస్సాం రైఫిల్స్ సిపాయిలు ఎవరు? ఎక్కువమంది గూర్ఖాలు. కచారీలు, లూషాయీలు, కుకీలు కూడా ఆ బలగంలో చేరేవారు. కొండల్లో పుట్టి, పోడు వ్యవసాయం చేసే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు. అంటే పోడు కోసం తిరగబడ్డ మన కొండవాళ్ల మీదికి ఇంకో కొండవాళ్లను పంపారు. వాళ్లకు తెలుగు రాదు, కోయ మాట రాదు. మద్రాసు పోలీసులకు చేతకానిది ఒకటి వాళ్లకు చేతనయింది. బరువు తగ్గించుకుని చిన్న చిన్న జట్లుగా రోజుల తరబడి అడవిలోనే ఉండిపోవడం, రాత్రిపూట నడవడం. దానికి తోడు ఏప్రిల్‌లో రూథర్‌ఫర్డ్ స్పెషల్ కమిషనరుగా వచ్చాక ఊళ్ల మీద ఒత్తిడి పెరిగింది. తిరుగుబాటుదారులకు అన్నం పెడితే శిక్ష. కుకీ కొండల్లో నేర్చిన పాఠమే ఇక్కడా నడిచింది. అడవిలో ఉన్నవాడికి గింజ చేరకుండా చేయాలి.

1924 మే 7న మంప దగ్గర రాజును పట్టుకున్నారు. పట్టుకున్నది అస్సాం సిపాయిలు కాదు, ఈస్ట్ కోస్ట్ స్పెషల్ పోలీసులు. కొయ్యూరులో గుడాల్ దగ్గరికి తెచ్చారు. కోర్టు లేదు, విచారణ లేదు. అదే రోజు కాల్చి చంపారు. తప్పించుకోబోతుంటే కాల్చామని ప్రభుత్వం రాసుకుంది. చెట్టుకు కట్టేసి కాల్చారని మన్యం చెప్పుకుంది. బందీగా చేతికి చిక్కినవాడిని విచారణ లేకుండా చంపడం ఏ సైనిక ధర్మంలోనూ లేదు. ఆయనకు అప్పటికి ఇరవై ఏడో ఏడు. జూన్‌లో మల్లుదొర అన్నదమ్ముడు గాం గంటందొర కూడా కాల్పుల్లో చనిపోయాడు. పితూరీ అక్కడితో ముగిసింది.

అస్సాం దళం తిరిగి వెళ్లిపోయింది. ఆ తర్వాత దాని కథ చాలా పెద్దది. 1944లో జపాను సేనలు కోహిమా మీదికి వచ్చినప్పుడు నాగా హిల్స్ బెటాలియన్ ఆ ముట్టడిలో నిలబడింది. 1959లో టిబెట్ నుంచి వచ్చిన దలైలామాకు సరిహద్దులో ఎదురేగి రక్షణగా నడిచింది కూడా ఈ బలగపు జవాన్లే. నాగా కొండల్లో 1956 నుంచి, 1958లో సైనిక బలగాల ప్రత్యేక అధికారాల చట్టం వచ్చాక మరింతగా, దాని రోజువారీ పని మళ్లీ తిరుగుబాట్లే.

వాటిలో మిజోరం రాజధాని ఐజ్వాల్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మిజో కొండల్లో దాదాపు యాభై ఏళ్లకోసారి వెదురు పూస్తుంది. ఆ గింజలు తిని ఎలుకలు విపరీతంగా పెరుగుతాయి. వెదురు గింజ అయిపోగానే పంటల మీద పడతాయి. 1959లో అలా కరువు వచ్చింది. ముందే హెచ్చరించినా అస్సాం ప్రభుత్వం పట్టించుకోలేదు. కరువు సాయానికి పుట్టిన సంఘమే తర్వాత మిజో నేషనల్ ఫ్రంట్ అయింది. నాయకుడు లాల్‌డెంగా. ఒకప్పుడు మన సైన్యంలోనే హవల్దారుగా చేసినవాడు. 1966 ఫిబ్రవరి 28 రాత్రి తిరుగుబాటు మొదలైంది. ఐజ్వాల్ ఊరి నడుమ ఉన్న ఒకటో అస్సాం రైఫిల్స్ శిబిరాన్ని చుట్టుముట్టారు. లొంగిపొమ్మన్నారు. వీళ్లు లొంగలేదు. హెలికాప్టర్లు దిగబోతే కింది నుంచి కాల్పులు. మార్చి 5న వైమానిక దళం ఐజ్వాల్ మీద దాడి చేసింది. సొంత ఊరి మీద మన విమానాలు నిప్పు కురిపించడం మిజోలు ఈనాటికీ మరిచిపోలేదు. తర్వాత ఒకటి రెండు రోజుల్లో సైన్యం రోడ్డు మార్గాన వచ్చి శిబిరాన్ని విడిపించింది.

ఆ మరుసటి ఏడాది నుంచి ఊళ్లను ఖాళీ చేయించి రోడ్డు పక్కన కంచెల మధ్యకు చేర్చారు. పాత ఇళ్లు తగలబెట్టారు. అడవిలో ఉన్నవాడికి గింజ చేరకూడదన్న అదే ఎత్తుగడ, ఈసారి మన ప్రభుత్వం చేతుల మీదుగా. దానివల్ల తిరుగుబాటు బలం తగ్గిందేమో గాని ఆగలేదు. ఇరవై ఏళ్ల తర్వాత 1986 జూన్ 30న ఒప్పందం కుదిరాకే ఆగింది. లాల్‌డెంగా ముఖ్యమంత్రి అయ్యాడు. నా ఉద్దేశంలో ఇందులో సైన్యాన్ని తక్కువ చేసేదేమీ లేదు. మాట్లాడుకునే రోజు వచ్చేదాకా రోడ్లు తెరిచి ఉంచడమే బెటాలియన్ పని. మాట్లాడాల్సింది వేరేవాళ్లు.

రోడ్డు తెరవడం అన్నది పైకి చిన్న పనిలా వినిపిస్తుంది. సైన్యంలో దీన్ని ఆర్‌ఓపీ, అంటే రోడ్ ఓపెనింగ్ పార్టీ అంటారు. తెల్లారకముందే ఒక సెక్షన్ బయల్దేరుతుంది. రోడ్డుకు అటూ ఇటూ పొదల్లోంచి నడుస్తారు. ప్రతి కల్వర్టు కిందా తొంగి చూస్తారు. నిన్న లేని మట్టికుప్ప ఇవాళ ఉందా? రోజూ ఈ వేళకు తెరిచే టీకొట్టు ఎందుకు మూసి ఉంది? బడికి వెళ్లే పిల్లలు కనబడటం లేదేం? అనుమానం తీరాకే కాన్వాయ్‌ని రమ్మంటారు. చివరి బండి పోయేదాకా వానలోనైనా అక్కడే నిలబడాలి. మర్నాడు మళ్లీ అదే రోడ్డు, అవే కల్వర్టులు. ఏడాదంతా ఏమీ జరగకపోవచ్చు. ఏమరుపాటుగా ఉన్న ఆ ఒక్క ఉదయమే జరగవచ్చు. మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఫౌజీ లేని వీధి అరుదు. ఈ టెన్షన్ ఏమిటో ఆ ఇళ్లలో ఆడవాళ్లకు ఫోను మోగినప్పుడల్లా తెలుసు.

జవాను కష్టం నిజం. అతని చేతిలో నలిగినవాళ్ల కష్టమూ నిజమే. 2004 జులైలో ఇంఫాల్‌లో అస్సాం రైఫిల్స్ జవాన్లు ఇంట్లోంచి తీసుకెళ్లిన మనోరమ అనే యువతి శవమై కనిపించింది. మణిపూర్ తల్లులు కాంగ్లా కోట ద్వారం ముందు బట్టలు విప్పి నిరసన తెలిపారు. ఆ నవంబరులో అస్సాం రైఫిల్స్ కోట ఖాళీ చేసి వెళ్లిపోయింది. అటు 2021 నవంబరులో ఇదే బలగంలోని ఒక కమాండింగ్ ఆఫీసర్ కల్నల్ విప్లవ్ త్రిపాఠీ మణిపూర్‌లో భార్య, చిన్న కొడుకుతో సహా ఆంబుష్‌లో ప్రాణాలు కోల్పోయారు. ఈ రెండింటిలో ఏదో ఒకటే గుర్తుపెట్టుకోమంటే నేను ఒప్పుకోను.

మన మన్యం సంగతి ఇంకొక్కటి. పట్టుబడి, మరణశిక్ష పడి, అది యావజ్జీవంగా మారి అండమాన్ వెళ్లొచ్చిన గాం మల్లుదొర 1952లో స్వతంత్ర భారతంలో తొలి ఎన్నికల్లో విశాఖపట్నం నుంచే లోక్‌సభకు గెలిచాడు. పోడు గొడవ మాత్రం ఆయనతో తీరలేదు. శ్రీకాకుళం కొండల్లో గిరిజనులు మళ్లీ తిరగబడ్డాక గాని గిరిజనుల భూమి ఇతరుల చేతికి పోకుండా ఆపే ఒకటి బై డెబ్బై చట్టం 1970లో రాలేదు.

ఒక్క మనవి. ఈ పితూరీ కాలపు సర్కారు కాగితాలు దొరల ఇంగ్లీషులో చెన్నపట్నం రికార్డు గదుల్లో ఉన్నాయి. సామాన్లు మోసిన కూలీలు, దారి చూపించినవాళ్లు, అన్నం పెట్టి దెబ్బలు తిన్నవాళ్లు, స్పెషల్ పోలీసులో చేరిన మన ఊళ్ల కుర్రాళ్లు చెప్పిన మాటలు మాత్రం ఆ కాగితాల్లో దొరకవు. నర్సీపట్నం, గొలుగొండ, చింతపల్లి, కొయ్యూరు వైపు శ్రోతల ఇళ్లలో తాతముత్తాతల నుంచి వచ్చిన ఏ జ్ఞాపకమైనా, పాత కాగితమైనా ఉంటే దయచేసి రాసిపెట్టండి. ఫోనులో రికార్డు చేసినా చాలు. పెద్దవాళ్లు ఉండగానే ఆ పని చేయండి.

నమస్కారం.