సన్మానానికి అర్జీ పెట్టుకోవాలా? ఖేల్‌రత్నపై స్టూడియో చర్చ

పారిస్ ఒలింపిక్స్‌లో 2 పతకాలు తెచ్చిన షూటర్ మను భాకర్ పేరు దేశ అత్యున్నత క్రీడా పురస్కారం ఖేల్‌రత్న సిఫార్సుల్లో లేదన్న వార్త 2024 డిసెంబర్ చివర్లో గుప్పుమంది. తుది జాబితా ఇంకా వెలువడకముందు, ఆ వేడిలో జరిగిన చర్చ ఇది. మాటల మీద మాటలు పడిన చోట సరిదిద్దకుండా అలాగే ఉంచాం. అసలు వినపడనివి వదిలేశాం.

మోడరేటర్: నమస్కారం. నేరుగా విషయంలోకి వెళ్దాం. జూలై 28న 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో కాంస్యం. రెండు రోజులకు సరబ్‌జోత్ సింగ్‌తో కలిసి మిక్స్‌డ్ టీమ్‌లో ఇంకో కాంస్యం. స్వాతంత్ర్యం వచ్చాక ఒకే ఒలింపిక్స్‌లో 2 పతకాలు తెచ్చిన భారతీయులు ఇంకెవరూ లేరు. అలాంటి అమ్మాయి పేరు కమిటీ జాబితాలో లేదంటున్నారు. దరఖాస్తే రాలేదని మంత్రిత్వ శాఖ వర్గాలు, పంపామని కుటుంబం. నామినేషన్ వేయడంలో తన వైపే పొరపాటు జరిగి ఉండొచ్చని చివరికి మనునే చెప్పుకుంది. కోచ్ గారూ, మీతోనే మొదలుపెడతాను. అదే ఒక క్రికెటర్ అయితే ఇలా జరిగేదా?

కోచ్: క్రికెట్ సంగతి తర్వాత చూద్దాం సార్. ముందు నాకొకటి చెప్పండి. మీకు శాలువా కప్పుతాం, కానీ కప్పమని ముందు మీరే అర్జీ పెట్టుకోండి అంటే అది సన్మానమా? పతకం గెలిచినప్పుడు దేశమంతా టీవీ ముందు కూర్చుంది. కమిటీలో ఉన్నవాళ్లు చూడలేదా? చూశారు. చూసి కూడా ఫారం ఏదీ అంటే ఎలా? ఫారం ముఖ్యమా, పతకం ముఖ్యమా?

విలేకరి: ఒక్క నిమిషం సార్, ఆ ఫారం ఎందుకొచ్చిందో కూడా చెప్పుకోవాలి...

కోచ్: చెప్పండి, కానీ నేను పూర్తి చేయనివ్వండి. ముప్పై ఏళ్లు మైదానంలో ఉన్నాను. నా దగ్గర ట్రిపుల్ జంప్ చేసే అమ్మాయి ఉండేది. ఒక అవార్డుకి ఆ పిల్ల ఫారం నేనే నింపాను. సర్టిఫికెట్ల నకళ్లు, ఫొటోలు, సంతకాలు, అన్నీ. ఒక పేజీ మీద స్టాంపు లేదని పక్కన పెట్టేశారు. ఆ సంగతి మాకు తెలిసింది గడువు దాటాక. ఆ రోజు ఆ పిల్ల ఏడుస్తుంటే నాకు ఏం చెప్పాలో తోచలేదు. ఓడిపోతే ఏం చెప్పాలో కోచ్‌కి తెలుసు. స్టాంపు లేదంటే ఏం చెప్తాం?

మోడరేటర్: చాలా బాధాకరం. మేడం, మీరు చెప్పండి. క్రికెటర్లకి ఈ స్టాంపుల టెన్షన్ ఉంటుందా?

విలేకరి: నేను ఫారం గురించి చెప్తాను. ఇదివరకు పేర్లు ప్రధానంగా క్రీడా సమాఖ్యల నుంచి వెళ్లేవి. సమాఖ్య పెద్దలతో పడకపోతే ఎంత బాగా ఆడినా పేరు కదిలేది కాదు. ఆటగాళ్లు సొంతంగా నామినేషన్ వేసుకోవచ్చని 2020లో కరోనా సమయంలో సడలించారు, తర్వాత ఆన్‌లైన్ పోర్టల్ వచ్చింది. సమాఖ్యను ఎదిరించి నిలబడే ఆడపిల్లకి ఆ పోర్టల్ ఎంత ముఖ్యమో ఆలోచించండి. ఫారం తీసేస్తే మళ్లీ ఎవరో ఒకరి దయ మీద...

కోచ్: దయ కాదమ్మా, బాధ్యత! కమిటీకి బాధ్యత లేదా?

విలేకరి: ఉంది, కాదనలేదు. కానీ...

కోచ్: మిల్ఖా సింగ్ గారినే తీసుకోండి. 1960 రోమ్‌లో 400 మీటర్లలో నాలుగో స్థానం. 1961లో ఆటగాళ్లకిచ్చే అర్జున అవార్డు మొదలైంది. ఆయనకి ఎప్పుడు ఇస్తామన్నారు? 2001లో! నలభై ఏళ్ల తర్వాత. ఆయన వద్దన్నారు. నేనైనా అదే చేసేవాణ్ని.

విలేకరి: సార్, మీ ఉదాహరణ మీ మాటకే అడ్డం తిరుగుతోంది. సొంతంగా దరఖాస్తు పెట్టుకునే రోజులు కావవి. ఆయన పరుగు దేశమంతా ఎరిగినదే. అయినా నలభై ఏళ్లు మరిచిపోయారు. అడిగే దారి లేనప్పుడు...

(ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు)

కోచ్: ...మరిచిపోయిన తప్పు ఎవరిది? ఆయనదా? అదే నేనూ అనేది! ఇవ్వాల్సినవాళ్లు కళ్లు తెరిచి ఇవ్వాలి. మను కోచ్ జస్పాల్ రాణా గారిని చూడండి. 2019లో కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డు ఇవ్వకపోతే ఎంత గొడవైంది? మరుసటి ఏడాది ఇచ్చారు. అంటే గొడవ చేస్తేనే ఇస్తారా?

మోడరేటర్: గొడవ అన్నారు కాబట్టి అడుగుతున్నాను. 2023 ప్రపంచకప్‌లో మహమ్మద్ షమీ 24 వికెట్లు తీశారు. అర్జున జాబితాలో ముందు ఆయన పేరు లేదు, బీసీసీఐ ప్రత్యేకంగా కోరాక చేర్చారని అప్పట్లో వార్తలొచ్చాయి. అవార్డు కూడా వచ్చింది. షూటర్‌కి అలా అడిగేవాళ్లు ఎవరు? లాయర్ గారూ?

న్యాయవాది: షమీకి అర్హత లేదని ఎవరూ అనలేరు. నాకు అందులో కనిపించేది వేరే విషయం. గడువు తర్వాత కూడా పేరు చేర్చడానికి దారి ఉందని తేలింది కదా. ఉంటే అందరికీ ఉండాలి. గుకేశ్ డిసెంబర్ 12న సింగపూర్‌లో డింగ్ లిరెన్‌ని ఓడించి చెస్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. దరఖాస్తు గడువు అప్పటికే ముగిసింది. అంతమాత్రాన ఆ అబ్బాయి పేరు చూడకుండా ఉంటారా? ఇలాంటి సందర్భానికి ఏం చేయాలో స్పష్టంగా రాసిపెట్టుకోకపోతే ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు కోర్టు మెట్లెక్కుతారు. ఇదేం కొత్త కాదు. 2015లో సానియా మీర్జాకి ఖేల్‌రత్న ప్రకటించినప్పుడు, పతకాలకిచ్చే పాయింట్ల ప్రకారం తానే ముందున్నానని గిరీశ కర్ణాటక హైకోర్టుకి వెళ్లాడు. లండన్ పారాలింపిక్స్ హైజంప్‌లో రజతం తెచ్చినవాడు. కోర్టు నోటీసులు ఇచ్చింది, అవార్డు మాత్రం సానియాకే అందింది. 2018లో కోహ్లీ, మీరాబాయి చానుల పేర్లు వచ్చినప్పుడు రెజ్లర్ బజరంగ్ పునియా కూడా కోర్టుకి వెళ్తానన్నాడు. ఆయనకి 2019లో వచ్చింది.

మోడరేటర్: చూశారా, మళ్లీ కోహ్లీ! సచిన్, ధోనీ, కోహ్లీ, రోహిత్, మిథాలీ. ఇప్పటికి 5 ఖేల్‌రత్నలు క్రికెట్‌కే.

విలేకరి: 2021లో 12 మందికి ఇస్తే అందులో క్రికెట్ నుంచి మిథాలీ ఒక్కరే ఉన్నారు. మొత్తం జాబితా చూస్తే షూటర్లు, రెజ్లర్లు, బ్యాడ్మింటన్ వాళ్లు చాలామంది కనిపిస్తారు. ఈ వివాదంలో క్రికెట్ ఎక్కడుందో నాకు అర్థం కావడం లేదు.

మోడరేటర్: ప్రేక్షకుల మనసులో ఉన్నదే అడుగుతున్నాను మేడం. ఇక్కడ మనతో ఒక పారా అథ్లెట్ ఉన్నారు, ఇంకా మాట్లాడలేదు. చెప్పండమ్మా.

పారా అథ్లెట్: థాంక్యూ సార్. మూడు రోజులుగా ఒకే మాట వింటున్నాను. ప్రవీణ్ కుమార్ పేరు ఉందట, మను పేరు లేదట అని. అలా పక్కపక్కన పెట్టి చెప్తుంటే ప్రవీణ్ ఎవరి కుర్చీలోనో కూర్చున్నట్టు వినిపిస్తోంది. ప్రవీణ్ పారిస్ పారాలింపిక్స్‌లో హైజంప్‌లో 2.08 మీటర్లు ఎగిరి స్వర్ణం గెలిచాడు. పారిస్ ఒలింపిక్స్‌లో మనకి 6 పతకాలు, స్వర్ణం లేదు. పారాలింపిక్స్‌లో 29, అందులో 7 స్వర్ణాలు. మనుకి రావాలి, నేనూ కోరుకుంటున్నాను. కానీ దాని కోసం...

కోచ్: అవును తల్లీ, మీ పతకాలు గొప్పవి. మా వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి లేదూ! కోబెలో పారా ప్రపంచ పోటీల్లో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి తన విభాగంలో ప్రపంచ రికార్డు. తర్వాత పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం. చిన్నప్పుడు ఆ పిల్లని ఊళ్లో ఎన్ని మాటలన్నారో అందరికీ తెలుసు. ఆమె కోచ్ నాగపురి రమేశ్ గారికి 2016లోనే ద్రోణాచార్య వచ్చింది. బాగుంది. కానీ నేను వేరే సంగతి చెప్తాను. ఎక్కడైనా సరే, పిల్ల పరుగు చూసి మొదట గుర్తుపట్టేది ఎవరు? బడిలో పీఈటీ మాస్టారు. బూట్లు కొనిచ్చేది ఆయన, బస్సు ఛార్జీ ఇచ్చేది ఆయన. ద్రోణాచార్య 1985లో మొదలైంది. అందులో ఆ మాస్టార్లకు చోటెంత? పతకం వచ్చినప్పుడు పక్కన ఉన్నవాళ్లకే పేరు!

మోడరేటర్: ఇది మంచి పాయింట్.

పారా అథ్లెట్: సార్, నా మాట ఇంకా...

మోడరేటర్: వస్తాను, వస్తాను. కోచ్ గారూ, మరి జట్ల సంగతి? క్రికెట్ జట్టు కప్పు గెలిస్తే ఊరేగింపు చేస్తారు. మిగతా ఆటల్లో?

న్యాయవాది: జట్టు ప్రశ్న బాగుంది, క్రికెట్‌ని పక్కన పెడితే. సెప్టెంబర్‌లో బుడాపెస్ట్‌లో చెస్ ఒలింపియాడ్ జరిగింది. పురుషుల జట్టు, మహిళల జట్టు, రెండూ స్వర్ణం గెలిచాయి. మహిళల జట్టులో మన ద్రోణవల్లి హారిక ఉన్నారు. ఖేల్‌రత్న, అర్జున వ్యక్తులకి ఇచ్చేవి. బ్యాడ్మింటన్ జంట కాబట్టి 2023కి సాత్విక్‌కి, చిరాగ్‌కి కలిపి ప్రకటించగలిగారు. ఐదుగురు కలిసి గెలిస్తే ఎవరిని ఎంచుతారు? ఎవరో ఒకరికి ఇస్తే మిగతా నలుగురి గెలుపు ఏమైనట్టు?

విలేకరి: అవును, దీని మీద నిజంగా చర్చ జరగాలి. హాకీలోనూ అంతే. గోల్ కొట్టినవాళ్లు కనిపిస్తారు, బంతి అందించినవాళ్లు...

కోచ్: జరగాలి, అన్నిటి మీదా జరగాలి! కానీ అసలు దారి తప్పుతున్నాం. మళ్లీ చెప్తున్నాను. అవార్డు అడిగి తీసుకునేది కాదు. రెజ్లర్ వినేశ్ ఫొగాట్‌కి 2020లో ఖేల్‌రత్న ఇచ్చారు. 2023 డిసెంబర్ 30న ఆ ఖేల్‌రత్ననీ, అర్జుననీ ఢిల్లీలో కర్తవ్యపథ్ మీద పెట్టి వెళ్లిపోయింది. ఎంత కడుపు మండితే అలా చేస్తుంది? అవార్డు మెడలో వేయగానే సరిపోదు. ఆ మనిషి మాట వినాలి. మాట వినరు, ఫారం మాత్రం అడుగుతారు!

విలేకరి: వినేశ్ పోరాడింది రెజ్లింగ్ సమాఖ్య పెద్దల మీదే కదా సార్. నేనన్నదీ అదే. పేరు పంపే అధికారం ఆ పెద్దల చేతిలోనే ఉంటే...

కోచ్: (గొంతు పెంచి) సమాఖ్య పంపొద్దు, ఆటగాడూ అడగొద్దు! ఒలింపిక్స్‌లో పతకం వస్తే చాలు, నేరుగా పేరు రాసేయాలి. అంతే. దీనికి కమిటీ ఎందుకు, అందులో 12 మంది సభ్యులెందుకు?

న్యాయవాది: ఒలింపిక్స్‌లో లేని ఆటల మాటేమిటి? చెస్ లేదు. మొట్టమొదటి ఖేల్‌రత్న 1991-92కి విశ్వనాథన్ ఆనంద్‌కి ఇచ్చారు. మీ లెక్కన ఆయనకి రాదు. మన కరణం మల్లీశ్వరికి సిడ్నీ కాంస్యానికి ముందే ఇచ్చారు, ప్రపంచ చాంపియన్‌షిప్ విజయాలు చూసి. అదీ రాదు.

కోచ్: ప్రపంచ చాంపియన్‌షిప్ కూడా కలపండి. వద్దన్నానా?

న్యాయవాది: అప్పుడు ఆసియా క్రీడలు కలపాలంటారు. ఏ పతకానికి ఎంత విలువ అని లెక్క వేయాలంటారు. అలాగే పాయింట్ల పద్ధతి పుట్టింది సార్.

మోడరేటర్: టైం తక్కువగా ఉంది. ఖేల్‌రత్నకి 2020 నుంచి 25 లక్షలు, అర్జునకి 15 లక్షలు ఇస్తున్నారు. క్రికెటర్లకి ఈ డబ్బు పెద్దది కాకపోవచ్చు. ఒక షూటర్‌కి, ఒక రన్నర్‌కి అది జీవితం. నా ప్రశ్న మొదటి నుంచీ ఇదే...

పారా అథ్లెట్: సార్, నేనొకటి అడగాలి.

మోడరేటర్: ముప్పై సెకన్లలో అమ్మా.

పారా అథ్లెట్: మురళీకాంత్ పేట్కర్ గారు 1972లో హైడెల్‌బర్గ్ పారాలింపిక్స్‌లో ఈతలో స్వర్ణం గెలిచారు. ఆయనకి పద్మశ్రీ వచ్చింది 2018లో. 46 ఏళ్లు. కోచ్ గారు దేశమంతా చూసింది కదా అన్నారు. మనుని చూశారు, నిజమే. మా పోటీలు ఎంతమంది చూస్తారు? చూసినవాళ్లే ఇవ్వాలంటే, ఎవరూ చూడని చోట గెలిచినవాళ్లు ఏం చేయాలి? నేనైతే ఫారం నింపుతాను సార్. నా పేరు నేను రాసుకోవడం నాకు అవమానంగా లేదు. నా పతకాల వివరాలు నేనే రాసి పంపకపోతే...

కోచ్: నీకు ఆ పరిస్థితి రాకూడదనే తల్లీ నా బాధ! నీ పతకం గురించి నువ్వు రాసుకోవాల్సి రావడమే తప్పు. పాతికేళ్ల పిల్ల, ప్రాక్టీస్ చేసుకోవాలా, ఫారాలు నింపుకోవాలా? మను ఆ పొరపాటు నాదేమో అని చెప్పుకోవడం చూసి నా కడుపు తరుక్కుపోయింది. 22 ఏళ్లు ఆ పిల్లకి! దేశానికి 2 పతకాలు తెచ్చి, తప్పు నాదేనేమో అనడమా? ఇంతకంటే ఏం కావాలి?

మోడరేటర్: మా అందరి మనసులో మాట చెప్పారు కోచ్ గారు. దరఖాస్తు పద్ధతి పోవాలన్నదే ఈ చర్చలో ఎక్కువగా వినిపించిన అభిప్రాయం అనుకుంటున్నాను.

విలేకరి: క్షమించాలి, ఆ మాట అన్నది ఒక్కరే. మేం ముగ్గురం...

కోచ్: ఒక్కరా? ఏ మైదానానికైనా వెళ్లి అడగండి!

న్యాయవాది: మార్గదర్శకాలు మార్చాలన్నాను నేను, తీసేయాలని కాదు. ఫారం రాకపోయినా పరిశీలించి తీరాల్సిన పతకాలు ఇవీ అని రాసుకుంటే...

పారా అథ్లెట్: అందులో పారాలింపిక్స్ కూడా రాయాలి.

మోడరేటర్: తప్పకుండా. మను పేరు తుది జాబితాలో చేరుతుందా లేదా అన్నది ప్రకటన వచ్చాకే తెలుస్తుంది. వచ్చిన రోజున మళ్లీ కలుద్దాం, ఆ రోజు క్రికెట్ సంగతి పూర్తిగా మాట్లాడుకుందాం. కోచ్ గారూ, ముగించే ముందు ఒక్క మాట.

కోచ్: ఒక్క మాటే సార్. ఆ జాబితా మీద సంతకం పెట్టేవాళ్లు ఒక్కసారి పొద్దున్న 5 గంటలకి ఏదైనా మైదానానికి రావాలి. చలిలో పిల్లలు పరుగెత్తుతుంటారు. వాళ్లలో ఒక్కరిని పిలిచి, నువ్వు రేపు గెలిస్తే ఫారం నింపుతావా అని...

(ఇక్కడ సమయం అయిపోయింది. విలేకరి, పారా అథ్లెట్ ఇద్దరూ ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు, మైకులు ఆపేశారు.)