ఫోటో బాగా రావాలంటే ముందు మీరు నిలబడే చోటు మార్చండి

(తెర మీద: నెల్లూరు దగ్గర మైపాడు బీచ్, ఇంకా తెల్లవారలేదు, ఒడ్డున రంగులేసిన పడవ)

నమస్కారం అండీ. చాలామంది నన్ను ఏ ఫోన్ కొనాలి, ఏ కెమెరా మంచిది అని అడుగుతుంటారు. నేను మాత్రం ముందు, ఫోటో తీసేటప్పుడు ఎక్కడ నిలబడ్డారు అని అడుగుతాను.

ఈ పడవనే చూడండి. మన సముద్రం తూర్పున ఉంది కాబట్టి సూర్యుడు నీళ్ళలోంచే లేస్తాడు. ఒడ్డు మీద నిలబడి తీస్తే వెలుగు పడవ వెనక నుంచి వస్తుంది, పడవ నల్లగా పడుతుంది. వల సర్దుకునే మనిషి ఆకారం, వెనక ఎర్రటి ఆకాశం, అంతే కావాలనుకుంటే అదే మంచి ఫోటో. పడవ మీద వేసిన ఎరుపు, నీలం రంగులు కూడా కావాలంటే? చీలమండల దాకా నీళ్ళలోకి దిగి, సూర్యుడు మీ వీపు వెనక ఉండేలా ఇటు తిరగండి. పది అడుగులు వేస్తే చాలు, అదే పడవ ఇంకో ఫోటో అవుతుంది.

సూర్యోదయానికి అరగంట ముందే రండి, ఆకాశంలో అసలు రంగులు అప్పుడే ఉంటాయి. ఉప్పుగాలికి లెన్స్ మీద పొరలాగా పడుతుంది, దాన్ని మెత్తటి నూలు గుడ్డతో తుడుస్తూ ఉండండి.

(తెర మీద: చింతచెట్టు నీడ ముందు ఒంగోలు గిత్త)

ఇప్పుడు ఒంగోలు గిత్త. దీని మీద కొంచెం ఎక్కువ మాట్లాడతాను, ఎందుకంటే తెల్లటిదాన్ని ఫోటో తీయడం నేర్చుకుంటే సగం పని వచ్చినట్టే. కెమెరాకు అది గిత్త అని తెలియదు. తన ముందున్న దృశ్యమంతా కలిపి ఒక మధ్యరకం బూడిద రంగంత వెలుతురుకు తేవాలని చూస్తుంది. అందుకని ఫ్రేమంతా గిత్తే ఉంటే ఆ తెలుపు మాసిన పంచెలాగా వస్తుంది, అప్పుడు వెలుగు పెంచాలి. అదే గిత్త వెనక చీకటి నీడ ఎక్కువగా ఉంటే కెమెరా మొత్తం వెలుగు పెంచేస్తుంది, గిత్త తెల్ల కాగితంలా మిగులుతుంది, అప్పుడు తగ్గించాలి. చాలా ఫోన్లలో గిత్త మీద వేలు పెడితే పక్కన సూర్యుడి గుర్తు వస్తుంది, దాన్ని పైకో కిందికో జరపడమే. ఎంత జరపాలి అంటే, గంగడోలు, అంటే మెడ కింద వేలాడే చర్మం, దాని ముడతలు చూడండి. ముడతలు కనబడుతూ, తెలుపు తెలుపుగానే ఉంటే సరిపోయింది.

ఇంకో మాట, మోకాలి మీద కూర్చుని తీయండి. నిలబడి తీస్తే ఆ మూపురం ఠీవి పోతుంది. యజమానిని అడిగి, ఆయన చెప్పినంత దూరంలోనే ఉండండి.

(తెర మీద: మట్టి చట్టిలో చేపల పులుసు)

చేపల పులుసుకు మాత్రం ట్యూబ్‌లైటు ఆర్పేయండి, ఫ్లాష్ అసలు వద్దు. చట్టిని కిటికీ దగ్గర పెట్టి, వెలుగు చట్టికి అవతలి పక్క నుంచి వచ్చేలా మీరు ఇవతల నిలబడండి. పైన తేలిన నూనె, మామిడికాయ ముక్క అంచు మెరుస్తాయి. ఇవతల పక్క చీకటిగా ఉంటే అటే ఒక తెల్ల కాగితం పట్టండి, దాని మీద పడి తిరిగొచ్చే వెలుగు చాలు. నిన్నటి పులుసైతే ఇంకా మంచిది, రుచి సంగతి మీకు తెలిసిందే, ముక్క కూడా పులుసు పట్టి రంగు నిండుగా కనబడుతుంది.

మనుషుల ఫోటోలకు మిట్టమధ్యాహ్నం ఎండ పనికిరాదు, కళ్ళ కింద గుంటలు పడతాయి. అమ్మమ్మను ఎండలో నిలబెట్టకుండా, గడప లోపల బయటికి చూసేలా కూర్చోబెట్టండి. అప్పుడు కంట్లో చిన్న వెలుగు చుక్క పడుతుంది, ముఖానికి ప్రాణం అదే. ఫోన్ మొహం మీదికి తీసుకెళ్తే ముక్కు పెద్దదిగా వస్తుంది, రెండడుగులు వెనక్కి జరిగి జూమ్ 2ఎక్స్ పెట్టండి. నవ్వమని చెప్పకండి. పెళ్ళయిన కొత్తల్లో సంగతి ఏదైనా అడిగి, ఆమె చెబుతున్నప్పుడు తీయండి.

పక్షులకు ఫోన్ చాలదు. నేలపట్టు పక్షుల కేంద్రం 2022లో నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వెళ్ళినా మనకు దగ్గరే, చలికాలంలో అక్కడ గూడబాతులు కనబడతాయి. ఎగిరే పక్షికి కెమెరాలో షట్టర్ స్పీడ్, అంటే వెలుగు లోపలికి వెళ్ళే సమయం, సెకనులో 1000వ వంతు, వీలైతే 2000వ వంతు పెట్టుకోండి. ఫోటో కోసం గూళ్ళ దగ్గరికి మాత్రం పోవద్దు.

(తెర మీద: స్వర్ణాల చెరువు, రొట్టెలు మార్చుకునే చేతులు)

ఇక మొహర్రం రోజుల్లో వచ్చే మన నెల్లూరు రొట్టెల పండుగ, చెరువు నీళ్ళలో నిలబడి మొక్కుతో రొట్టెలు మార్చుకుంటారు. ఆ జనంలో అంతా ఒకే ఫోటోలో పట్టాలని చూస్తే ఏదీ మిగలదు. నీటి మట్టానికి దగ్గరగా వంగి రెండు చేతులు, ఒక రొట్టె, అంతే తీయండి. వరుసగా పది తీస్తే ఒకదానిలో రొట్టె సరిగ్గా రెండు చేతుల మధ్య ఉంటుంది. వాళ్ళు మొక్కుతో వచ్చినవాళ్ళు, తడి బట్టల్లో ఉన్న ఆడవాళ్ళు ఉంటారు, కాబట్టి మొహాలు తీసే ముందు అడగండి, వద్దంటే ఫోన్ దించేయండి. ఒప్పుకుంటే తీసి, వెంటనే చూపించి, వాళ్ళ నంబరుకు అక్కడికక్కడే పంపండి. అమ్మమ్మకైతే ప్రింట్ తీయించి ఇవ్వండి, ఆమె ఫోన్‌లో వెతుక్కోలేదు కదా.