భూటాన్ ఆనందం లెక్కలో అడవిపంది

[తెర: చీకటి. ఎక్కడో రేకుడబ్బా మోత. మొక్కజొన్న చేను మీద టార్చి వెలుగు.]

"అడవి జంతువుల వల్ల మీ పంటకి నష్టం ఉందా? ఎంత?"

ఇదేదో వ్యవసాయశాఖ ప్రశ్న అనుకుంటాం. కాదండీ. భూటాన్‌లో జనం ఆనందంగా ఉన్నారో లేదో తేల్చే సర్వేలో పల్లెవాళ్ళ కోసం పెట్టిన ప్రశ్న ఇది.

దేశానికి ఉత్పత్తి కన్నా ఆనందం ముఖ్యమని వాళ్ళ నాలుగో రాజు జిగ్మే సింగ్యే వాంగ్‌చుక్ 1970లలోనే అన్నాడు. ఆ మాట మీద నాకంత మోజు లేదు, రాజులు మంచి మాటలు చెబుతూనే ఉంటారు. ఆ మాట పట్టుకుని తర్వాతివాళ్ళు కూర్చుని లెక్క కట్టారు చూడండి, అది నచ్చింది.

[తెర: తొమ్మిది గళ్ళ పట్టిక.]

మొత్తం 9 రంగాలు, 33 సూచికలు. ఆదాయం, చదువు, ఆరోగ్యం ఎలాగూ ఉంటాయి. ఎన్ని గంటలు నిద్రపోతున్నారు, కోపం ఎంత తరచుగా వస్తోంది, సొంత భాష ఎంత బాగా వచ్చు అని కూడా అడుగుతారు. ప్రతిదానికీ ఒక 'చాలు' గీత. నిద్రకైతే 8 గంటలు. ఆదాయం కూడా గీత దాటిందా, ఆపైన కోటి వచ్చినా ఒక్క మార్కు కలవదు. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి "చాలండీ" అంటామే, అదే. జీడీపీకి ఆ చెయ్యి అడ్డం పెట్టడం రాదు.

నూటికి 66 వంతుల మేర గీత దాటితే ఆ మనిషి ఆనందంగా ఉన్నట్టు. 2010లో అలాంటివాళ్ళు 40.9 శాతం, 2022లో 48.1 శాతం. మిగతావాళ్ళకి పెట్టిన పేరు బాగుంది: 'ఇంకా ఆనందం అందనివాళ్ళు'.

[తెర: మళ్ళీ ఆ చేను. గుడిసెలో కునికిపాట్లు పడుతున్న రైతు.]

ఇప్పుడు పంది దగ్గరికి వద్దాం. దేశంలో కనీసం 60 శాతం నేల ఎప్పటికీ అడవిగానే ఉండాలని 2008 నాటి రాజ్యాంగం అంటుంది. అడవి బాగుంటే పందులూ బాగుంటాయి. రాత్రికి చేలో దిగుతాయి. రైతు కాపలా కూర్చుంటాడు. పంట పోయింది, ఆదాయం గీత తప్పింది, నిద్ర గీతా తప్పింది. ఒక్క పంది ఇన్ని గళ్ళలో కనిపిస్తుంది. జీడీపీలోనో? తగ్గిన మొక్కజొన్న కనిపిస్తుంది, కరెంటు కంచె అమ్మినవాడి లాభం వచ్చి కలుస్తుంది. రైతు ఎర్రబడ్డ కళ్ళకి అందులో చోటు లేదు. ఈ ప్రశ్న రాసినవాళ్ళెవరో ఎప్పుడో మంచె ఎక్కే ఉంటారని నా అనుమానం.

[తెర: ఘో, అంటే భూటాన్ మగవాళ్ళ అంగీ, వేసుకున్న మనిషి. పక్కనే ఖాళీ కుర్చీ.]

అయితే ఆ 33లో 'ద్రిగ్లాం నంజా' అని ఒకటుంది. కట్టూబొట్టూ, మర్యాదల నియమావళి. అది మీకెంత ముఖ్యం అని అడుగుతారు. అదే నియమావళిని 1989లో అందరికీ తప్పనిసరి చేశారు, దక్షిణాన ఉండే నేపాలీ మాట్లాడే లోత్‌షాంపాలతో సహా. అంతకుముందే, 1988 జనగణనలో, ఈ దేశ పౌరులమని రుజువుగా వాళ్ళని 1958 నాటి పన్ను రసీదు చూపించమన్నారు. ముప్పై ఏళ్ళనాటి చీటీ. 1990ల మొదట్లో సుమారు 1 లక్ష మంది దేశం విడిచి తూర్పు నేపాల్ శిబిరాలకి చేరారు. తర్వాత చాలామంది అమెరికా వెళ్ళిపోయారు.

2022లో సర్వేవాళ్ళు సుమారు 11,000 మందిని కూర్చోబెట్టి అడిగారు. దేశంలో ఉన్నవాళ్ళనే.